తప్పులు లేకుంట రాయగలడు

దరఖాస్తు ఎట్ల రాయాల్నో నాకు బాగా తెలుసని చిలకలగూడల అందరికీ ఒక నమ్మకం ఉండె. ఆ నమ్మకానికి కారణం ఒక్కటే. పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు మా గల్లీల ఇంగ్లీషు టైపు వచ్చినోణ్ణి నేనొక్కణ్ణే. స్టేషన్ దగ్గర ఇన్‌స్టిట్యూట్ల ఏడాది పాటు వేళ్లు నొప్పి పుట్టేదాక కొట్టి నేర్చుకున్న. కొత్త సర్కారొచ్చి, ఉర్దూల నడిచిన దఫ్తర్లన్నీ ఇంగ్లీషుకు తిరిగేసరికి ఇరవై ఏండ్లకే నాకు నౌకరి దొరికింది. అప్పటి సంది పొద్దున మొఖం కడుక్కోకముందే మా అరుగు మీద ఎవరో ఒకరు కాయితం పట్టుకొని కూసుంటుండె.

ఆ నౌకరి దొరికిన తీరు మాత్రం నేను ఎవ్వరికీ చెప్పలె. ఇంటర్వ్యూకు అరువు బూట్లు ఏసుకొని పోయిన. అవి నా కాలి కంటె రెండు వేళ్లు పెద్దవి, అడుగేస్తె కిర్రుకిర్రుమంటున్నయి. ఆఫీసరు సారు టైపు వస్తదా అంటే వస్తదన్న, షార్ట్‌హ్యాండ్ వస్తదా అంటే వస్తదన్న, ఆయన అడగనివి సుత నాలుగు వస్తయని చెప్పిన. సరే, ఒక ఉత్తరం రెండు ప్రతులు కొట్టుమన్నడు. కంగారుల కార్బన్ కాయితం తిరగేసి పెట్టిన. నకలంతా పై కాయితం వెనకదిక్కు అద్దంల చూసినట్టు ఉల్టా అచ్చయింది. కింది కాయితం మాత్రం తెల్లగ, మచ్చ లేకుంట ఉన్నది. సారు దాన్ని రెండు దిక్కుల తిప్పి చూసి, రేపటి నుంచి రమ్మన్నడు, వచ్చేటప్పుడు నా సొంత బూట్లు ఏసుకొని రమ్మన్నడు. వేరే టైపిస్టు దొరకకనే నన్ను పెట్టుకున్నడని తర్వాత తెలిసింది.

అసొంటోణ్ణి నేను పది మందికి బుద్ధులు చెప్తుంటి. దరఖాస్తు ఒక్క కాయితం దాటొద్దు. పైననే నీకేం పని వస్తదో రాయి, నీ తాత జాగీరు సంగతి ఎవనిక్కావాలె. ఇంటర్వ్యూకు అర గంట ముందుగాల పో, చెమట ఆరనియ్యి. కూసోమన్నదాక కూసోకు, కూసోమన్నంక నిలవడకు. రానిదాన్ని వస్తదనకు, దొరికిపోతవ్. అరువు బూట్లు అసలే ఏసుకోకు. ఈ చివరిది ఎందుకో ఎవరూ అడగలె గాని, అందరూ తలకాయ ఊపి పోతుండె.

నా మాట విననోడు ఒక్కడే ఒక్కడు, మా పక్కింటి చాచా.

చాచా వాళ్లది మా గల్లీల మూడు తరాల ఇల్లు. ఇంట్ల తెలుగే మాట్లాడుతరు, కోపమొస్తె మాత్రం చాచీ ఉర్దూల తిడ్తది. ఒక పాత దఫ్తర్ల చాచా పదహారేండ్లు నకళ్లు రాసిండు. అంటే, పైవాళ్లు ఇచ్చిన హుకుములు, భూముల కాయితాలు అందంగ తిరిగి రాసి ఫైల్ల కట్టుడన్నట్టు. ఆయన ఉర్దూ రాత చూస్తె కండ్లకు అద్దుకోబుద్ధయితది. కొత్త సర్కారొచ్చినంక ఆ దఫ్తరు మూసిండ్రు, ఇంగ్లీషు రానోళ్లను ఇంటికి పొమ్మన్నరు. చాచా ఇంటికొచ్చి, షేర్వాణీ విప్పి చిలుక్కొయ్యకు తగిలేసి, ఎనిమిది నెలలు అట్లనే కూసున్నడు.

గుల్బర్గాల చాచీ తమ్మునికి దుకాణం ఉన్నది. బక్రీద్ దాటితె ఇల్లు ఖాళీ చేసి వచ్చెయ్యుండ్రి, బావ గల్లా మీద కూసుంటడు అని అతను రెండు ఉత్తరాలు రాసిండు. మరదలి వంటింట్ల తన బతుకు ఎట్లుంటదో చాచీకి తెలుసు. అయినా, ఇగ పోవుడే అన్నది. ఆ మాట విని నాకు అన్నం సైసలె. మా అమ్మ నన్ను కన్నది గాని, నేను తిన్న తిండి సగం చాచీ చేతిదే. ఎట్లనన్న చేసి ఆ ఇంటికి తాళం పడనియ్యొద్దనుకున్న.

అంతట్ల మా ఆఫీసుల ఒక జాగ ఖాళీ పడ్డది. కార్ఖానా బస్తీ దిక్కు ఒక పాత బంగ్లాల మా ఆఫీసు, భూముల లెక్కలు చూసేది. అండ్ల రెండు గదుల నిండ మూసేసిన పాత దఫ్తర్ల నుంచి తెచ్చిన, ఎర్రబట్టల కట్టిన ఫైళ్ల బస్తాలు, అన్నీ ఉర్దూ, అండ్ల సుత శికస్తా. శికస్తా అంటే విరగ్గొట్టినట్టు గబగబ రాసే చేతిరాత. నేను బడిల ఉర్దూ చదివిన, పుస్తకంల అచ్చయితే చదువుత, శికస్తా చూస్తె మాత్రం చీమలు సిరాల పడి పారినట్టే కనిపిస్తది. మా సారు మద్రాసు దిక్కు నుంచి వచ్చిన తెలుగాయన, ఆయనకైతే మొత్తమే రాదు. ఆ బస్తాల ముందు నిలవడి రోజూ ఉసూరుమంటుండె. అవి చదివి చెప్పేటోడు కావాలన్నడు. చాచా కోసమే పుట్టిన నౌకరి అది.

సారుకు ఒక పట్టింపు ఉండె. సిఫారసు పట్టుకొచ్చినోణ్ణి గడప దాటనియ్యడు. అందుకే ఆయన మా చాచా అని నేను చెప్పలె. కాయితం అందరి కాయితాల్లెక్కనే రావాలె అనుకున్న.

చాచాను దరఖాస్తు రాయమన్న. రెండు రోజులు కూసొని మూడు కాయితాలు రాసి తెచ్చిండు. మొదటి కాయితం నిండ సారు దయాగుణం, ఆయన నీడ సల్లదనం. మా సారును చాచా జిందగీల చూడలె. రెండో కాయితంల వాళ్ల నాయిన ముప్ఫయ్యేండ్ల నౌకరి. మూడో కాయితంల దువాలు, దీవెనలు, కింద 'నాచీజ్' అని దస్కత్. నాచీజ్ అంటే ఎందుకూ కొరగానోడు అని. తను ఏం పని చేసిండో, ఏం వస్తదో మూడు కాయితాల ఒక్క ముక్క లేదు.

నాకు ముక్కు మీద కోపం. ఇదేం దరఖాస్తు చాచా, నౌకరి సారుకా, మీ నాయినకా, నీకా అని అడిగిన. ఆయన మెల్లగ నవ్వి, తన గురించి తనే చెప్పుకునుడు తమీజ్ కాదు, మర్యాద కాదన్నడు. వాళ్ల దఫ్తర్ల అందరూ గిట్లనే రాసేటోళ్లట. పెద్దోళ్లు చూస్తరు, అర్థం చేసుకుంటరు. నీకు ఇది వస్తదా అని పెద్దోళ్లు అడిగితే, నాకేం తెలుసు హుజూర్ అనాలె. అప్పుడు వాళ్లు, కాదు కాదు నీకు బాగా వస్తది అంటరు. అప్పుడు తల వంచాలె. అదీ పద్ధతి. ఈ సారు ఆ రెండో మాట అనడు, రాదట అని రాసుకొని ఇంకొకణ్ణి పిలుస్తడు అని నేను నెత్తి కొట్టుకున్న. చాచాకు ఆ ముచ్చట తలకెక్కలె.

ఇగ నేనే ఇంగ్లీషుల ఒక్క కాయితం తయారు చేసిన. ఆఫీసుల అందరూ అన్నానికి పోయినప్పుడు నా టైపు మిషన్ మీదనే కొట్టిన. పదహారేండ్ల అనుభవం, శికస్తా చదువుతడు, తెలుగుల చెప్తడు. అక్కడితోని ఆగి ఉంటే బాగుండు. చాచా మీద ప్రేమతోని, 'తప్పులు లేకుంట నకళ్లు రాయగలడు' అని ఇంకొక ముక్క నేనే ఏసిన. చాచాకు ఇంగ్లీషు రాదు. ఎక్కడ దస్కత్ చెయ్యాల్నో వేలు పెట్టి చూపిస్తె చేసిండు.

తర్వాత ఇంటర్వ్యూ రిహార్సల్ షురూ అయింది. ఐతవారం పగటిపూట వాళ్ల వాకిట్ల చాచీ ఆఫీసరు. చాచా అద్దాలు తనే పెట్టుకొని, నులక మంచం మీద కాలు మీద కాలేసుకొని కూసున్నది. చాచా షేర్వాణీల, ఎండల, ఎదురుంగ నిలవడ్డడు. నీకేం వస్తది అని చాచీ గద్దించింది. చాచా అలవాటు కొద్ది కండ్లు కిందికి దించి, ఏమొస్తది, అంతా తమరి దయ అన్నడు.

"నా దయతోని పొయ్యి మండుతలేదు," అన్నది చాచీ. "ఏమొస్తదో చెప్పు."

నేను ఒక ఉపాయం చెప్పిన. ప్రతి జవాబు 'నేను' తోని షురూ చెయ్యాలె. నేను చదువుత, నేను రాస్త, నేను చేసిన. చాచా 'నే' అనేసరికి దగ్గొస్తది. నీళ్లు తాగుతడు, మల్ల దగ్గు. మూడు ఐతవారాలు గిట్లనే నడిచింది. గల్లీల ఆడోళ్లు పనులిడిసి తలుపుల కాడ నిలవడి చూసి నవ్వుతుండె. చివరికి ఎట్లనో 'వస్తది' అనుడు వరకు నేర్చుకున్నడు. 'నేను' మాత్రం నోటికి రాలె. గీ మాత్రం చాలు, కాలరు గుండీ పెట్టుకొని ముంగట చూసి మాట్లాడు అని నేను ఒప్పుకున్న.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే చాచా వచ్చి బంగ్లా వరండాల కూసున్నడు. నా మిషన్ సారు గదిల ఒక మూలకు ఉంటది. అక్కడినుంచి అంతా కనిపిస్తది, నోరు మాత్రం మెదపొద్దు. చాచాకు ముందు ఇద్దరు వచ్చిండ్రు. మొదటాయన ఫైలు తల్లకిందులుగ పట్టుకున్నడు. రెండో ఆయన నాలుగు ముక్కలు చదివి, కండ్లద్దాలు మరిచిపోయిన, రేపొస్త అని పోయిండు. నాకు లోపల పండుగే. ఇగ మా చాచాకు అడ్డమెవ్వడు అనుకున్న.

చాచా వచ్చి సలాం చేసిండు. సారు కూసోమన్నడు. చాచా కూసోలె, నిలవడే ఉన్నడు. నేను చెప్పిందంతా గోడకు చెప్పినట్టయింది. ఉర్దూ వచ్చా అని సారు అడిగితే చాచా గొంతు సవరించుకొని, వస్తది సార్ అన్నడు. పాత రాతలు చదవగలరా అంటే జెరంత ఆగి, చదువుత సార్ అన్నడు. నేను మిషన్ మీద ఒక్కటే అక్షరం పదిసార్లు కొట్టిన, సంతోషం ఆపుకోలేక.

సారు ఒక ఫైలు తీసి ఇచ్చిండు. చాచా దాన్ని చదువుతుంటె నీళ్లు పోసినట్టే ఉన్నది. ఉర్దూ మీదికి కండ్లు, నోట్ల తెలుగు. కాప్రా దిక్కు ఒక కుంట సంగతి అది. కుంట కింద ఎంత పొలం, ఎవరి వంతు ఎంత, ఇవన్నీ చదివి, 'తూము కట్టకు ఉత్తరం దిక్కున ఉన్నది' అన్న కాడ ఆగిండు. నోరు తెరిచినోడు తెరిచినట్టే ఉన్నడు.

సారు కుర్చీల వెనక్కి వాలి, అదే నా తలనొప్పి అన్నడు. కాయితంల తూము ఉత్తరం, అక్కడికి పోయి చూస్తె దక్షిణం. ఈ కాయితం పట్టుకొని ఒక గట్టు రైతులు, కండ్లతోని చూసింది పట్టుకొని ఇంకొక గట్టు రైతులు వారం వారం వచ్చి ఆయన ముందు కొట్టుకుంటున్నరట.

"ఎవడో కునికిపాట్లు పడుతూ రాసి ఉంటాడు," అన్నడు సారు. "ఇలాంటి వాళ్లను పెట్టుకుని ఇన్నేళ్లు దఫ్తరు నడిపారు."

అవును సార్ అంటే అక్కడికి అయిపోతుండె. ఏమీ అనకున్నా అయిపోతుండె. చాచా ఫైలు బల్ల మీద మెల్లగ పెట్టిండు. షేర్వాణీ సరిచేసుకున్నడు. దగ్గు రాలె, నీళ్లు అడగలె.

"నేనే సార్," అన్నడు. "అది రాసింది నేనే. తప్పు నాదే."

మూడు ఐతవారాలు బతిమిలాడితె రాని మాట, చాచీ గద్దిస్తె రాని మాట, ఇప్పుడు, ఇక్కడ, దీనికి వచ్చిందా అని పండ్లు కొరుక్కున్న. గుల్బర్గా బండి కూత చెవుల వినవడ్డది.

సారు చాచా దరఖాస్తు ముందుకు జరుపుకొని చదివిండు. తప్పులు లేకుండా నకళ్లు రాయగలడు అని మీరే రాశారు కదా అని అడిగిండు. నాకు ఇంగ్లీషు రాదు సార్, అది మంచి మనసుతోని ఎవరో రాసిండ్రు అన్నడు చాచా. నా పేరు తియ్యలె, నా దిక్కు చూడను సుత చూడలె. కాని మా మిషన్‌ల ఒక అక్షరం ఉన్నది, అది ఎప్పుడూ వరుస కంటె జెర పైకి ఎగురుతది. దరఖాస్తు నిండ అది ఎగురుతనే ఉన్నది. సారు కాయితాన్ని చూసిండు, నా మూలకు చూసిండు.

నేను లేశి నిలవడ్డ. "నేనే సార్," అన్న. ఆయన మా పక్కింటి చాచా అని, అడగకముందే అది సుత చెప్పేసిన. ఆ పూట నా నౌకరి సుత పోతదనే అనుకున్న. ఎందుకో భయం మాత్రం కాలె. చాచా పక్కన నిలవడితె అట్లనే ఉంటదేమో.

సారు నన్ను కూసోమని చెయ్యి ఊపి చాచా దిక్కు తిరిగిండు. తప్పని మీకు ఎలా తెలుసు అని అడిగిండు. చాచా చెప్పిండు. సర్వేకు పోయినాయన కట్ట మీద నిలవడి, దక్షిణానికి మొఖం పెట్టి నక్ష గీసిండు. అందుకని ఆ నక్షల ఉత్తరం కిందికి ఉన్నది. చాచా కాయితం తిప్పకుంట, పైదిక్కే ఉత్తరమనుకొని రాసిండు. వారం దినాలకు గుర్తుపట్టి పై అధికారికి చెప్పుకున్నడు. సర్కారు ముద్ర, మొహర్ పడ్డది, ఇగ నోరు మూసుకో అన్నడట ఆయన.

"నేను నోరు మూసుకున్న సార్," అన్నడు చాచా. "మొదటి తప్పు చెయ్యి చేసింది. ఇది నేను చేసిన."

పక్కిల్లే అయినా, ఇన్నేండ్లల ఆ బాధ ఆయన లోపల ఉన్నదని నాకు తెల్వదు. చాచీకి సుత తెల్వదు. నా కోపం ఎక్కడ పోయిందో పోయింది.

ఆ నక్ష ఇప్పుడు ఎక్కడ ఉండొచ్చని సారు అడిగితే, ఆ ఏడాది బస్తాల అన్నిటికంటె అడుగుల, మడత పెట్టి ఉండాలె అన్నడు చాచా. నేను, బంట్రోతు, చాచా కలిసి లోపలి గదిల బస్తాలు దించినం. దుమ్ము మీద దుమ్ము. మూడో బస్తాల దొరికింది. సారు దాన్ని బల్ల మీద పరిచి, ఉత్తరం పైకొచ్చేటట్టు తిప్పిండు. తూము దక్షిణానికి వచ్చి కూసున్నది. ఆయన ఎంతసేపో దాన్ని చూసి, మొట్టమొదటిసారి ఆ గదిల నవ్విండు.

"ఇలాంటివి ఇంకా ఏమైనా ఉన్నాయా?" అని అడిగిండు.

"నాకు యాదికున్నయి ఇంకో నాలుగు ఉన్నయి సార్," అన్నడు చాచా. "రెండు నేను చేసినయి."

సారు తనే లేశి కుర్చీ జరిపి ఏసిండు. ఈసారి చాచా కూసున్నడు. తర్వాత సారు నా దిక్కు తిరిగి, ఆఫీసు మిషన్ మీద సొంత కాయితాలు కొట్టినందుకు నన్ను మంచిగనే తిట్టిండు. తిట్లన్నీ అయినంక, చాచా నౌకరి ఉత్తర్వు కాయితం కొట్టుమన్నడు. రెండు ప్రతులు. కార్బన్ సరిగ్గ పెట్టిన.

పగటి అన్నం యాళ్లకు సైకిల్ తొక్కుకుంట ఇంటికి ఉరికిన. చాచీ గడపలనే నిలవడి ఉన్నది. చెప్పిండా, తనకేం వస్తదో చెప్పిండా అని అడిగింది.

"ఏమొస్తదో చెప్పలె చాచీ. ఏం తప్పు చేసిండో చెప్పిండు."

ఆమె గోడ పట్టుకొని, ఇగ గుల్బర్గాకు ఉత్తరం రాయి బేటా, వస్తున్నమని రాయి అన్నది.

"ఉత్తరం తర్వాత రాస్త. ముందుగాల డబ్బాల అన్నం పెట్టియ్యి. చాచా ఆకలైతున్నదన్నడు. రేపు కాదట, ఇయ్యాల్నే పని షురూ చెయ్యమన్నడు సారు."

ముందు ఆ మాట చెప్పాల్నా వద్దా అని చాచీ నన్ను ఉర్దూల తిట్టింది. తిట్టుకుంటనే పొయ్యి దిక్కు తిరిగి ఏడ్చింది. నేను సుత అక్కడ్నే చతికిలబడి ఏడ్చిన. ఆ రోజు చాచా అన్నం తినేసరికి మూడయింది.